బాబాయి కెమెరాలో నా ముఖం

నిన్న పక్కింట్లో గులాబీ పువ్వుల పిండివంట వేగుతున్న వాసన రాగానే పాలకొల్లులో మా చర్చి గుర్తొచ్చింది. నాకప్పుడు ఏడేళ్ళు. క్రిస్మస్ ఆరాధన చివరి ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు, తర్వాత పంచాల్సిన డబ్బాలోంచి రెండు పువ్వులు తీసి తినేశాను.

ప్రార్థన కాగానే, ఫొటోలు తీసే మా బాబాయి అక్కనీ, అక్క వెనక నన్నూ నిలబెట్టి ఫొటో తీసి కెమెరాలో చూపించాడు. అక్క కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. నా ముఖం మాత్రం నీళ్ళలో కలిసిన రంగులా ఉంది. పాపం చేసినవాళ్ళ పేర్లు దేవుడు తన గ్రంథంలోంచి తుడిచేస్తాడని సండే స్కూల్లో విన్నాను. నా ముఖంతో మొదలుపెట్టాడనుకుని ఏడ్చేశాను.

“నీ తప్పేం లేదమ్మా,” అన్నాడు బాబాయి. “ఇక్కడ వెలుతురు తక్కువని లెన్స్ బాగా తెరిచాను. అలా తెరిస్తే ఎవరిమీద ఫోకస్ పెడితే వాళ్ళే స్పష్టంగా వస్తారు, వెనకున్నవాళ్ళు మసకైపోతారు.”

లెన్స్ కాస్త మూసి, కదలొద్దని చెప్పి మళ్ళీ తీశాడు. ఫొటో చీకటిగా వచ్చింది కానీ అందులో నేనున్నాను. అమ్మ వంగి చూసి, “మూతికి ఆ పువ్వుల పొడేంటే?” అంది.

దొరికిపోయాను. అంత హాయిగా మళ్ళీ ఎప్పుడూ దొరికిపోలేదు.