రేడియోలో విన్న డంపు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది వానాకాలంలో నన్ను భద్రాచలం వైపు అడవి అంచున ఉన్న ఒక ఠాణాకు పంపారు. నేను పోలీసు కమ్యూనికేషన్స్ విభాగంలో ఎస్సైని. మా విభాగం వాళ్లం దొంగలను పట్టం, కేసులు రాయం. వైర్‌లెస్ సెట్లు నడపడం, సందేశాలు అందుకోవడం, అందించడం మా పని. ఠాణా బాధ్యత వేరే ఎస్సైది. ఆయన వయసులో నాకన్నా చాలా చిన్నవాడు. నాకు రిటైర్మెంట్ దగ్గర పడింది, ప్రమోషన్ మాత్రం దగ్గర పడలేదు. ఆ సంగతి ముందే చెప్పడం న్యాయం.

రాత్రి డ్యూటీలో గంటకోసారి చుట్టుపక్కల ఠాణాలను ఒక్కొక్కదాన్నే పిలిచి, సెట్టు పలుకుతోందో లేదో చూసుకోవాలి. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో చిన్న రేడియో పెట్టుకునేవాణ్ణి. ఆ ప్రాంతంలో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే ఎఫ్ఎం కేంద్రం ఉండేది. పగలంతా వరి తెగుళ్లు, పిల్లల టీకాలు. పొద్దుపోయాక మాత్రం ఎస్తేరు అనే టేకులపల్లి వైపు అమ్మాయి ఒక కార్యక్రమం చేసేది. కోయ ఆడవాళ్ల రేల పాట మొదలయ్యేది. దాని కింద బోరు మోటారు రొద కలిసేది. తర్వాత ఏ దేశానిదో తెలియని వయొలిన్, ఆ వెనుక చర్చి పాటను తిరగేసి వినిపించేది. చివర డోలు. ఒక దెబ్బ, ఆగడం. మూడు దెబ్బలు, ఆగడం.

నాతో డ్యూటీలో ఉండే హెడ్ కానిస్టేబుల్ రాములు చెవులు మూసుకునేవాడు. “గిదేం పాట సార్? మిక్సీల రాళ్లు పోసినట్టుంది. బంద్ చేయుండ్రి.”

నేను బంద్ చేయలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకు మోర్స్ నేర్పారు. పొట్టి మోత, పొడుగు మోతలతో అక్షరాలు పంపే పాత పద్ధతి అది. ఆ చెవి పోలేదు. డోలు దెబ్బల్లో నాకు అక్షరాలు వినిపించసాగాయి. అడవి అవతల ఛత్తీస్‌గఢ్. అజ్ఞాత సాయుధ దళాల రాకపోకల మీద నిఘా ఉన్న రోజులు. అర్థం లేని ఈ పాట ఇంత రాత్రి ఎవరి కోసం? పైకి అర్థం లేదంటే లోపల ఎక్కడో దాచారనే కదా అనుకున్నాను.

అక్షరాలు కాగితం మీద పెట్టి చూశాను. మాట కాలేదు. ఇంగ్లిషులో కాలేదు, తెలుగులో కాలేదు, వెనుక నుంచి చదివినా కాలేదు. అది నా అనుమానాన్ని తగ్గించాలి. పెంచింది.

అలా ఉండగా ఒక రాత్రి ఎస్తేరు పాట ఆపి చెప్పింది. “ముత్తవ్వ వాళ్ల గూడెంల మొన్న పొద్దంత ఉన్న. మస్తు సరుకు దొరికింది. అంత డంప్ చేసిన. శనివారం రాత్రి వదుల్త, తయ్యారుగ ఉండుండ్రి.” ముత్తవ్వ ఆ కార్యక్రమంలో తరచు పాడే ముసలామె.

డంపు అన్న మాటకు మా ఠాణాల్లో ఒకటే అర్థం. భూమిలో పాతిపెట్టిన ఆయుధాలు, మందుగుండు. అవి వదలడం అంటే ఏమిటో నాకు వేరే చెప్పనక్కర్లేదనిపించింది. వెంటనే రిపోర్టు రాశాను: “రేడియో ద్వారా సంకేతములు వెలువడుచున్నట్లును, సదరు గూడెమునందు డంపు ఉన్నట్లును తెలియవచ్చినది.” అక్షరాలు కూడితే మాట కాలేదన్న సంగతి అందులో రాయలేదు. మరిచిపోలేదు. రాస్తే రిపోర్టు బలహీనపడుతుందని రాయలేదు.

తెల్లవారగానే ఒక పోలీసు పార్టీ గూడేనికి వెళ్లింది. ముత్తవ్వ చిక్కుడు పందిరి కింద మెటల్ డిటెక్టర్ కూసింది. పందిరి పీకి, నడుము లోతు తవ్వారు. తుప్పు పట్టిన నాగటి కర్రు దొరికింది. ఇంకో రెండు పెరళ్లు కూడా తవ్వారు. అక్కడ అదీ దొరకలేదు.

ఎస్తేరును ఠాణాకు పిలిపించారు. డంపు ఎక్కడుందని ఎస్సై అడిగాడు.

“మా స్టూడియోల సార్, కంప్యూటర్ల,” అందామె. “రికార్డర్ల నుంచి కంప్యూటర్లకు ఎక్కిచ్చుడు. మేం దాన్ని డంప్ అనే అంటం. మీరేమంటరు?”

ఎస్సై నా వైపు చూశాడు. కాగితం మీది అక్షరాల సంగతి అప్పుడైనా చెప్పవచ్చు. నేను మాత్రం, రికార్డర్, కంప్యూటర్ నా దగ్గర ఉంచితే అన్నీ విని చూస్తానన్నాను. ఆయన ఒప్పుకున్నాడు.

ఎస్తేరు ముఖం మారిపోయింది. “శనివారం కొత్త పాట పోకుంటే మా కమిటీ ఆ టైము సినిమా పాటలకు ఇచ్చేస్తది సార్. ఇప్పటికే వినెటోళ్లు లేరంటున్నరు.”

“ఒక్కడైతే ఉన్నడు కద బిడ్డా,” అన్నాడు రాములు, గుమ్మం దగ్గర నిలబడి.

అన్నీ విన్నాను. కోళ్లు, వాన, ఆడవాళ్ల నవ్వులు. ఒకచోట ముత్తవ్వ, “ఓ పిల్లా, నువ్వు తిన్నవు, నీ మిషిన్‌కు బువ్వ పెట్టవా?” అంటోంది. అంతకు మించి ఏమీ లేదు. అయినా శనివారం దాటిపోయేదాకా ఇవ్వలేదు. ఎక్కడో ఏదో ఉండకపోతుందా అనే వింటూ కూర్చున్నాను.

సామాన్లు వాపసు ఇవ్వడానికి నేనే వెళ్లాను. కమిటీ ఇంకో వారం గడువిచ్చిందని ఎస్తేరు చెప్పింది. గూడెం వాళ్లు తనతో మాట్లాడటం లేదని, పోలీసులను తెచ్చింది తానేనని అనుకుంటున్నారని చెప్పింది. వాళ్లు సరేననకుండా ముందు ఎక్కించిన పాటలు కూడా వెయ్యలేనంది. “మీరే వచ్చి చెప్పుండ్రి సార్,” అంది. మామూలు బట్టల్లో ఆమె వెంట వెళ్లాను.

తవ్విన గోతిలో వాన నీళ్లు నిలిచి ఉన్నాయి. ముత్తవ్వ అరుగు మీద కూర్చుని ఉంది.

“పొరపాటు జరిగింది అవ్వా,” అన్నాను.

“దానంతట అదే జరిగిందా? ఎవలు చేసిండ్రు?”

“డిపార్ట్‌మెంట్...”

“గా డిపార్ట్‌మెంట్‌కు కాళ్లు లేవా? నిన్నెందుకు తోలింది?”

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. నేను రాశాను, నేను చేశాను అనడానికి అంతకన్నా సులువైన చోటు ఇంకోటి దొరకదు. ఆ మాట అనకుండా గోతి వైపు తిరిగాను.

ఎస్తేరు రికార్డర్ తీసి ముత్తవ్వ ముందు పెట్టింది. ముసలామె దాన్ని ముట్టుకోలేదు. “గిది ఠాణాల పండుకొని వచ్చింది బిడ్డా. దీని ముందట నేను నోరు తెరువ.” మిగతా ఆడవాళ్లు కూడా లేచి లోపలికి వెళ్లారు.

తిరిగి వచ్చే దారిలో ఎస్తేరు ఆ రికార్డర్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. “ఇందుల ఏమన్న పెట్టిండ్రా సార్? నిజం చెప్పుండ్రి.”

లేదన్నాను. అది నిజమే. ఆమె బ్యాటరీలు ఊడదీసి వేరే జేబులో వేసుకుంది.

ఆ వారం తర్వాత ఆ వేళకు సినిమా పాటలు వచ్చాయి. ఎస్తేరు కొత్తగూడెంలో బట్టల షాపులో పనికి కుదిరిందని రాములు చెప్పాడు. నా మీద ఏ విచారణా జరగలేదు. రిటైర్మెంట్ నాడు దండ వేసి, శాలువా కప్పి పంపారు.

మిగిలిన సర్వీసులో నా దగ్గరికి కొత్తవాళ్లు రాసి తెచ్చిన రిపోర్టుల్లో ‘తెలియవచ్చినది’ అన్న మాట కనిపిస్తే కొట్టేసేవాణ్ణి. ఎవరికి తెలిసింది, ఎలా తెలిసింది, తేలనిది ఏమిటి అన్నవి రాయనిదే సంతకం పెట్టలేదు. మా వ్యాకరణంలో కర్త లేని వాక్యాలు చాలా ఉన్నాయి. ‘నేను’ అని రాయడానికి జంకే రిపోర్టును పంపకూడదు.