ఖాకీ తొడిగిన అభిప్రాయాలు

ఆ రోజుల్లో మా నూజివీడు మామిడితోటల వైపు ఒక మనిషి మాటకి విలువ రావాలంటే రెండే దారులు. జైలుకైనా వెళ్ళి రావాలి, మిలిటరీకైనా వెళ్ళి రావాలి. చదువుకున్నవాడి మాట ఎవరూ వినేవారు కాదు (చదివి చెడ్డాడనేవారు). జైలుకి వెళ్ళే ధైర్యం నాకు లేదు. మెట్రిక్ తప్పి, నాన్న తన్నులకి జడిసి పారిపోయి మిలిటరీలో చేరాను. యుద్ధం జరిగినన్నాళ్ళూ జబల్పూరులో ఒక గోడౌనులో దుప్పట్లు లెక్కపెట్టాను. అక్కడ నేను ఎదుర్కొన్న శత్రువు చిమ్మట పురుగు ఒక్కటే. యుద్ధం ముగిశాక ఖాకీ బట్టలతో, మోకాళ్ళ దాకా మేజోళ్ళతో ఊళ్ళోకి దిగాను.

వెళ్ళేటప్పుడు "ఒరే దద్దమ్మా" అన్న ఊరు, వచ్చాక "మిలిటరీ అబ్బాయి" అనడం మొదలుపెట్టింది. కాఫీ హోటల్లో బల్ల దగ్గర చోటిచ్చి, "ఏమయ్యా, నైజాం నవాబు లొంగుతాడంటావా?" అని అడిగేవారు. నాకేం తెలుసు? అయినా మేజోళ్ళు పైకి లాక్కుని, కాసేపు పైకప్పు వంక చూసి (ఇది మా కెప్టెన్ దగ్గర నేర్చుకున్న విద్య), "లొంగడు" అనేవాణ్ణి. "చూసొచ్చినవాడు చెబుతున్నాడు మరి!" అని అందరూ తలలూపేవారు. ఏం చూశానో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. (తర్వాత ఆయన లొంగనే లొంగాడు. అప్పటికి నా మాట ఎవరికీ గుర్తు లేదు లెండి.)

అందరికన్నా ఎక్కువ నమ్మింది మా మామయ్య. ఆయనకి ఊరి చివర పెద్ద రసాల తోటా, ఎవరికీ తలవంచని ఒక కూతురూ ఉండేవారు. "తుపాకీ పట్టినోడికే దేశం అర్థమవుద్దిరా" అన్నది ఆయన సిద్ధాంతం. దాని మీదే నాకు పిల్లనిస్తానన్నాడు. ఆ పిల్ల మాత్రం (దుప్పట్ల సంగతి తనొక్కదానికే చెప్పుకున్నాను) మంచినీళ్ళ చెంబు అందిస్తూ, "బావా, దుప్పటిని గురిచూసి కాల్చటం కష్టమా?" అని నెమ్మదిగా అడిగేది. నాకు ఆ పిల్లంటే ప్రాణం.

ఆ ఎండాకాలం కాయ తయారయ్యే వేళకి కోత కూలీలు, కూలి పెంచితేగానీ చెట్టెక్కమని కూర్చున్నారు. ఈదురుగాలి లేచిందంటే పంటంతా నేలపాలు. మామయ్య నన్ను పిలిచాడు. "అల్లుడూ, నువ్వెళ్ళి చెప్పు. మిలిటరీవాడి మాటకి ఎదురేముంది? ఇవాళ వాళ్ళని చెట్లెక్కించావంటే రేపే ముహూర్తం పెట్టిస్తా" అన్నాడు.

అలా నా పెళ్ళి నా ఉపన్యాసం మీద ఆధారపడింది. ఖాకీ తొడుక్కుని, బూట్లు తుడుచుకుని బయలుదేరాను. వెనక మామయ్య, ఆయన వెనక కాఫీ హోటలు జనం, క్యారేజీ తెచ్చే వంకతో మరదలు. కూలీలు చెట్ల నీడన చుట్టలు కాల్చుకుంటున్నారు. చేతులు వెనక్కి కట్టుకుని, "స్వతంత్రం వచ్చాక దేశానికి కావాల్సింది డిసిప్లిన్! సరిహద్దులో సిపాయి జీతం పెంచమని అడుగుతున్నాడా?" అని గర్జించాను. (జీతం పెంచమని నేనే అర్జీ పెట్టుకున్న సంగతి ఆ ఆవేశంలో గుర్తు రాలేదు.)

వాళ్ళలోంచి ఒక పొడుగాటి మనిషి చుట్ట ఆర్పి లేచాడు. ఊరంతా అతన్ని పొడుగోడనే పిలిచేది. అతనూ యుద్ధానికి వెళ్ళొచ్చాడని అందరికీ తెలుసు. కాని కాఫీ హోటలు బల్ల దగ్గరికి అతన్ని రానిచ్చేవారు కాదు కనక, నవాబు సంగతి అతన్ని అడగాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

"తవరి ర్యాంకేంటండి బాబుగారూ?" అన్నాడు.

"సిపాయి" అన్నాను, గొంతు కొంచెం తగ్గించి.

"నేను హవల్దారునండి. బర్మాలో చేశాను." నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. ఉన్నట్టుండి గొంతు మారింది. "పై గుండీ పెట్టుకోవాలండి!"

ఏం జరిగిందో నాకే తెలియదు. గుండీ పడింది, మడమలు టక్కుమన్నాయి, కుడిచెయ్యి లేచి నుదుటికి తగిలింది. (హవల్దారుకి సెల్యూట్ కొట్టక్కర్లేదని మిలిటరీ వాళ్ళందరికీ తెలుసు. కాని మా గోడౌను హవల్దారు గొంతు మీరు వినలేదు.) అంతలో మరదలు కిసుక్కున నవ్వింది.

కాఫీ హోటలు యజమాని ఉండబట్టలేక, "అయితే ఈయన మాటకే బరువెక్కువన్నమాట! హవల్దారూ, నీ అభిప్రాయం ఏంటయ్యా?" అన్నాడు.

"అభిప్రాయమేముందండీ, కూలి పెంచితే చెట్టెక్కుతాం." బర్మా మొహం చూడకపోయినా అతను ఆ మాటే అనేవాడు.

"మిలిటరీ వేరు, తోట వేరు!" అని మామయ్య కేకలేశాడు. ఇంతలో పడమటి నుంచి మబ్బు కమ్ముకొచ్చి, గాలి లేచి, రెండు కాయలు ఆయన కాళ్ళ ముందే రాలాయి. గొణుక్కుంటూ కూలి పెంచాడు. హవల్దారు పంచె ఎగ్గట్టి, అందరికన్నా ముందు చెట్టెక్కాడు.

ఆ కోపమంతా ఇంటికొచ్చాక నా మీద పడింది. "కూలోడికి సెల్యూట్ కొట్టినోడు రేపు పెళ్ళానికీ కొడతాడు. వీడికి పిల్లనివ్వను గాక ఇవ్వను!" అన్నాడు మామయ్య.

"నాకు అలాంటాడే కావాలి నాన్నా" అంది తలుపు వెనక నుంచి మరదలు. అన్నం మానేసి మరీ సాధించింది.

ఆ తర్వాత ఎన్ని ఎన్నికలో, ఎన్ని ప్రభుత్వాలో. నేను గెలుస్తారన్నవాళ్ళు ఓడిపోయారు, పడిపోతుందన్న ప్రభుత్వం నిలబడింది. ఖాకీ బిగించి దేశ భవిష్యత్తు చెప్పిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. జన్మలో తుపాకీ ముట్టని మా మామయ్య ఒక్కటే జోస్యం చెప్పాడు, అది మాత్రం ఇన్నేళ్ళుగా రోజూ నిజమవుతూనే ఉంది.