పదిహేడు మంది కలిస్తే అల్యూమినియం సల్ఫేట్

పుష్పరాణి బెంగాల్లోని ఏక్‌బాల్‌పూర్‌లో, ఓడల డాక్‌కి దగ్గర్లో ఉన్న ఒక పాత మేడలో పుట్టి పెరిగింది. ఆ మేడ నిండా తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి ఓడరేవు పనికి వచ్చినవాళ్ళ కుటుంబాలే. వాళ్ళందరిలో కెమిస్ట్రీ తీసుకుని డిగ్రీ దాకా చదివింది ఆమె ఒక్కతే.

చదువయ్యాక ఒక కోచింగ్ సెంటర్లో చేరింది. ఆమె పాఠం చెబుతుంటే పిల్లలు నవ్వేవారు, కేకలు పెట్టేవారు, ఒకరిమీద ఒకరు పడి జవాబులు చెప్పేవారు. మేనేజరుకి అది నచ్చలేదు. "ఇది క్లాసా, చేపల బజారా?" అని, వానాకాలం వెళ్ళకుండానే రేపట్నుంచి రావద్దన్నాడు. పుష్పరాణి కొన్నాళ్ళు దిగులుగా కిటికీ దగ్గర కూర్చుంది.

అలా కూర్చున్న ఒక సాయంత్రం కింది వాటాలోని దాలమ్మ, కూతురు భానుని రెక్క పట్టుకుని పైకి తీసుకొచ్చింది. దాలమ్మ మొగుడు గవరయ్య డాక్‌లో సరుకు దించే పని చేస్తాడు.

"పుష్పా, మా గుంటకి ఈ సైన్సు తలకెక్కట్లేదే. కూడు మానీసి ఏడుస్తంది. నువ్వేటైనా సెప్పు తల్లీ" అంది.

భాను తొమ్మిదో తరగతి. మాటల్లో చురుకే కానీ ఫార్ములా రాయమంటే తడబడిపోయేది. కాల్షియం హైడ్రాక్సైడ్ అంటే చాలు, CaOH₂ అని బ్రాకెట్ లేకుండా రాసి, తప్పని తెలిసి, ఎందుకు తప్పో తెలియక బిక్కమొహం వేసేది. పుష్పరాణి ఎంత ఓపిగ్గా చెప్పినా అప్పటికి తలూపి, మర్నాడు మళ్ళీ అదే రాసేది. భానుతో పాటు మేడలోని మిగతా ఆడపిల్లలూ చేరారు. డాబా మీద చాప పరిస్తే అదే బడి.

సరస్వతీ పూజ వచ్చింది. ఆ మర్నాడే పిల్లలకి పరీక్ష. డాబా మీద చిన్న పందిరి వేసి అమ్మవారిని నిలబెట్టారు. పసుపు చీరల్లో మెరిసిపోతూ ఆడపిల్లలంతా పుస్తకాలు తెచ్చి అమ్మవారి పాదాల దగ్గర పేర్చేశారు. బెంగాల్లో ఆ రోజు పుస్తకం ముట్టుకోకూడదు. పిల్లలకి అంతకంటే మంచి నియమం ఇంకేముంటుంది?

"పుష్పక్కా, ఇవేళ సదివితే సరస్వతమ్మకి కోపమొస్తాది!" అన్నారు గంతులేస్తూ. భాను మాత్రం గంతులేయలేదు. "మరి రేపేటి రాయాలక్కా?" అంది నీరసంగా.

పుష్పరాణి ఆ పిల్ల మొహం చూసింది. "పుస్తకం ముట్టుకోవద్దు, పెన్నూ ముట్టుకోవద్దు. చేతులున్నాయి కదా, రండి!" అని కొంగు దోపుకుంది.

ఒక్కొక్కరిని ఒక్కో మూలకం చేసింది. హైడ్రోజన్‌కి ఒకటే చెయ్యి, రెండోది వీపు వెనక దాచుకోవాలి. ఆక్సిజన్‌కి రెండు చేతులు. ఎవరి చెయ్యీ ఖాళీగా ఉండకూడదు, అంతే ఆట. ఆక్సిజన్‌గా నిలబడ్డ పిల్ల రెండు చేతులూ ఇద్దరు హైడ్రోజన్లు పట్టుకోగానే "నీళ్ళు!" అని అరిచారు. తరువాత సోడియం, క్లోరిన్ చేతులు కలిపారు.

"ఇప్పుడు క్లోరిన్ పేరు మారి క్లోరైడ్ అవుతుంది. సోడియం పేరు సోడియమే" అంది పుష్పరాణి.

పందిరి పక్కన ప్రసాదం ఖిచుడీ కలుపుతున్న దాలమ్మ గరిటె ఆపేసింది. "ఒలమ్మా, సేతులు కలిపినా ముందున్నోడి పేరు మారదా? పెళ్ళిలో లాగ ఎనకొచ్చిందే మార్చుకోవాలా? ఇక్కడా అదే గోలేటి!"

ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు.

అప్పుడు పుష్పరాణి భానుని కాల్షియం చేసి మధ్యలో నిలబెట్టింది. కాల్షియంకి రెండు చేతులు. ఒక ఆక్సిజన్ ఒక చేత్తో తన హైడ్రోజన్‌ని పట్టుకుని, రెండో చెయ్యి భానుకి ఇచ్చింది. భాను రెండో చెయ్యి ఇంకా ఖాళీ. అటు నుంచి ఇంకో హైడ్రోజన్ ఒంటరిగా రాబోతే పుష్పరాణి ఆపింది. "హైడ్రాక్సైడ్‌లో ఆక్సిజన్, హైడ్రోజన్ ఎప్పుడూ జతగానే రావాలి." ఇంకో జత వచ్చి భాను చెయ్యి పట్టుకుంది. పుష్పరాణి తీగ మీద ఆరేసిన రెండు చున్నీలు తీసి ఒక్కో జత చుట్టూ ఒక్కోటి కట్టింది.

"ఈ చున్నీయే బ్రాకెట్."

భాను ఎడమవైపు చూసింది, కుడివైపు చూసింది. కళ్ళు పెద్దవయ్యాయి. "అక్కా! ఆ రెండు అంకె హైడ్రోజన్ ఒక్కదానికే కాదు! జతకి! జత మొత్తానికి!" పట్టుకున్న నలుగురినీ లాక్కుంటూ గిర్రున తిరిగింది. వెంటనే తనే అడిగింది: "అల్యూమినియం సల్ఫేట్ చేద్దామక్కా!"

దానికి పదిహేడు మంది కావాలి. ఇద్దరు అల్యూమినియంలు, మూడు సల్ఫేట్ జట్లు, ఒక్కో జట్టులో సల్ఫర్ చుట్టూ నలుగురు ఆక్సిజన్లు, జట్టు నుంచి బయటికి రెండు చేతులు. పిల్లలు చాలలేదు. పూజకి సెలవు పెట్టి, ఆకు ముందు కూర్చోబోతున్న గవరయ్యని, అతని స్నేహితుల్ని భాను లేవదీసింది.

"నానేటవ్వాలి?" అన్నాడు గవరయ్య.

"నువ్వు అల్యూమినియం నాన్నా. నీకు మూడు సేతులు."

"మూడో సెయ్యి ఎక్కడిదే?" అంటూనే భుజం మీది తువ్వాలు నడుముకి కట్టుకుని, కొస ముందుకి చాచాడు. రెండో అల్యూమినియం దాలమ్మ. ఆమె కొంగే మూడో చెయ్యి. పందిరికి మిగిలిన తాళ్ళు తెచ్చి డాక్ మనుషులు జట్ల చుట్టూ బ్రాకెట్లు చుట్టారు. ఇంకా ఒక ఆక్సిజన్ తక్కువైంది. పూజ ముగించి గంట సర్దుకుంటున్న బెంగాలీ పురోహితుణ్ణి పిల్లలు చుట్టుముట్టారు.

"ఆమి? అక్సిజెన్?" అన్నాడాయన, నేనా అని నమ్మలేనట్టు. పంచె ఎగ్గట్టుకుని వచ్చి మూడో జట్టులో నిలబడ్డాడు.

పుష్పరాణి చుట్టూ తిరిగి చూసింది. అల్యూమినియంల చేతులు ఆరు, సల్ఫేట్ల చేతులు ఆరు. ఖాళీ చెయ్యి ఒక్కటీ లేదు. "ఏమిటిది?" అంది. డాబా అదిరిపోయేలా పదిహేడు గొంతులూ అరిచాయి. పక్క మేడల కిటికీలు తెరుచుకున్నాయి.

"ఇంతకీ మనం దేనికి పనికొస్తాం తల్లీ?" అన్నాడు గవరయ్య, తువ్వాలు వదలకుండా.

"మురికినీళ్ళు తేరుస్తారు బాబాయ్."

"అదీ మాట!" అని ఆయన నవ్వాడు.

మర్నాడు పరీక్ష నుంచి భాను మెట్లన్నీ పరుగున ఎక్కి, బూట్లతోనే పుష్పరాణి గదిలోకి వచ్చి మెడ పట్టుకుని వేలాడింది. ఫార్ములాలన్నీ రాసేసింది. మార్కులు వచ్చాక చూస్తే ఒకే ఒక్కటి తప్పు. అదీ తొందరలో.

ఎండలు ముదిరి డాబా కాలిపోతుంటే పాడా క్లబ్బువాళ్ళు, అంటే ఆ పేట సంఘంవాళ్ళు, ఆదివారాలు తమ హాలు ఇచ్చారు. పక్క వీధుల పిల్లలూ వచ్చారు. ఎంత గోల చేసినా అక్కడ ఎవరూ ఏమీ అనరు. భాను ఇప్పుడు పదో తరగతి, కార్బన్ పాఠాలు మొదలయ్యాయి. కార్బన్‌కి నాలుగు చేతులు కావాలంటే దాలమ్మ, పుష్పరాణి తల్లి వీపూ వీపూ ఆనించి నిలబడ్డారు. నలుగురు చిన్నపిల్లలు వచ్చి తలో చెయ్యీ పట్టుకున్నారు.

"మీథేన్!" అంది భాను.

దాలమ్మ వెనక నుంచి పుష్పరాణి తల్లి నవ్వుతో ఊగిపోతూ, "దాలమ్మా, కదలకే, పడిపోతాం!" అని అరిచింది.