నేను దిద్దిన వయసు

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తూ వచ్చాను. ఇంట్లో కూడా చెప్పుకోలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీ దగ్గర దాచాల్సిన పని లేదు.

ఏలూరులో ఒక స్కానింగ్ సెంటర్లో ఎమ్మారై మిషన్ దగ్గర పనిచేసేదాన్ని. పేషెంటు పేరూ వయసూ కంప్యూటర్లో ఎక్కించి స్కాన్ తీయడం నా పని. తాడేపల్లిగూడెంలో ఉండే ఒక కుర్ర డాక్టరుగారు ఆ బొమ్మలు ఇంటి దగ్గరే చూసి రిపోర్టు రాసేవారు.

ఒకరోజు కైకలూరులో చేపల మేత కొట్టు నడిపే ఒకావిడ నడుం నొప్పితో వచ్చారు. వయసు యాభై రెండు. నేను ఇరవై అయిదని కొట్టాను. బయట జనం ఎక్కువగా ఉన్నారు. అంతకుమించి కారణం లేదు.

మా పనిలో వయసు ఉత్త అంకె కాదు. చిన్నతనంలో ఎముకల లోపలి మూలుగ ఎర్రగా ఉండి రక్తాన్ని తయారుచేస్తుంది. వయసు పెరిగేకొద్దీ అందులో కొవ్వు చేరుతుంది. స్కాన్‌లో కొవ్వు తెల్లగా, ఎర్ర మూలుగ నల్లగా కనబడతాయి. పాతికేళ్ళ మనిషికి వెన్నుపూసలు కాస్త నల్లగా ఉన్నా ఫరవాలేదంటారు. యాభై దాటాక అన్నీ అలాగే ఉంటే వెంటనే రక్తపరీక్షలు చేయించమంటారు. ఆవిడవి నల్లగానే ఉన్నాయి. వయసుకు తగ్గట్టే ఉన్నాయని రిపోర్టు వచ్చింది.

అది చూసి ఆవిడ పకపకా నవ్వారు. "ఏమ్మా, నన్ను పాతికేళ్ళ పిల్లని చేసేశావే!"

నేనూ నవ్వాను. వయసు దిద్ది మళ్ళీ ప్రింటు తీసి ఇచ్చాను. డాక్టరుగారికి మాత్రం ఫోన్ చేయలేదు. చేయాలని తెలియకా? తెలుసు. ఓనరు చేత మాటలు పడాల్సొస్తుందని భయం. ఏమీ ఉండదులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

కొన్ని నెలలకి ఆవిడ వెన్నుపూస ఒకటి కుంగిపోయింది. మూలుగలో పుట్టిన కేన్సరని వేరే ఊళ్ళో తేల్చారు. ఆవిడ కొడుకు వచ్చి గొడవపడ్డాడు. ఓనరు డాక్టరుగారిని నిలదీశారు. ఆ సాయంత్రం డాక్టరుగారు నాకు ఫోన్ చేశారు.

"ఏవండీ, నేను చూసినప్పుడు ఇరవై అయిదని ఉన్నట్టు గుర్తండీ. తర్వాత మీరేమైనా మార్చారాండీ?"

"లేదండీ. మొదట్నించీ యాభై రెండేనండీ."

"అలాగా అండీ. అయితే నేనే సరిగ్గా చూసుండను."

ఒక్క మాట ఎదురాడలేదు. ఆయన్ని మాన్పించారు. ఆ తర్వాత ఆయన రిపోర్టులు రాయడమే మానేశారని విన్నాను. వయసు తప్పు కొట్టడం పొరపాటు, సరే. ఒక మనిషి తన కళ్ళని తానే నమ్మకుండా చేశానే, దాన్నేమనాలి?

మొన్న ఆదివారం చర్చి నుంచి రాగానే ఆయనకి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన అంతా విని పెట్టేశారు. మర్నాడు ఓనరుకి చెప్పాను. ఇక రావద్దన్నారు. అట్నుంచటే కైకలూరు వెళ్ళాను. ఆవిడ చేతికర్ర పక్కన పెట్టుకుని కొట్లో కూర్చుని ఉన్నారు. నిలబడే చెప్పాను.

"ఆ రోజు నేనూ నవ్వానమ్మా," అన్నారు. కూర్చోమని అనలేదు.

క్షమించమని ఎవరినీ అడగలేదు. అడిగే మొహం నాకెక్కడిది? కానీ తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే కొల్లేరు గాలి చల్లగా తగిలింది. కండక్టరు భుజం తట్టి "ఏలూరమ్మా, దిగండి" అనేదాకా నాకు మెలకువ రాలేదు.