ఊపిరి లెక్కపెట్టే మంగాదేవి

ఆక్లాండ్‌లోని మౌంట్ ఆల్బర్ట్ తెలుగువాళ్లలో మంగాదేవికి కాస్త వింత మనిషనే పేరుంది. బస్సులో పక్కన ఎవరైనా పసిబిడ్డతో కూర్చుంటే ఆవిడ కళ్లు బిడ్డ ముఖం మీద నిలవవు, పొట్ట మీదికి పోతాయి. పెదాలు కదులుతుంటాయి. జపం చేసుకుంటోంది కాబోలు అనుకుంటారు చూసినవాళ్లు. జపమూ లేదు, పాడూ లేదు. ఆవిడ ఆ బిడ్డ ఊపిరి లెక్కపెడుతోంది.

2014 చలికాలం దాకా ఆవిడకు ఈ అలవాటు లేదు. భర్త మధుసూదనరావు ఆఫీసుకు వెళ్లాక, ఉద్యోగాలకు పోయే ఇద్దరు ముగ్గురు తెలుగువాళ్ల పిల్లల్ని ఇంట్లో చూసుకునేది. వాళ్లలో బన్నీ ఒకడు, పది నెలలవాడు. ఆ చలికాలంలో ఒక రోజు వాడికి జలుబు. జలుబుకు మనవాళ్లకు తెలిసిన వైద్యం ఒక్కటే, బట్టలు. ఆక్లాండ్ ఇళ్లు లోపల కూడా చెమ్మగా, చల్లగా ఉంటాయి మరి. రెండు స్వెట్టర్లు, మంకీ క్యాప్, పైన శాలువా. పొద్దుటి నుంచి ఏడ్చినవాడు మధ్యాహ్నానికి ఊరుకున్నాడు. పాలు ముట్టలేదు. వాళ్లమ్మ ఫోన్ చేస్తే, "హాయిగా పడుకున్నాడమ్మా, నువ్వు పని చూసుకో" అంది మంగాదేవి. నమ్మే అంది.

ఆ రాత్రే వాడిని హాస్పిటల్లో చేర్చారు, మూడో రోజు అక్కడే పోయాడు. ఆవిడను ఎవరూ తప్పుపట్టలేదు. నర్సు ఒక్క సంగతి చెప్పింది. ఊపిరి అందని పిల్లలు ఏడవరు, ఏడవడానికి వాళ్లకు ఓపిక ఉండదు. చొక్కా ఎత్తి చూస్తే తెలుస్తుంది. బన్నీ అమ్మానాన్నలు ఊరు మారిపోయారు. మంగాదేవి పిల్లల్ని చూసుకోవడం మానేసింది. బన్నీ మాత్రం ఆవిడను వదల్లేదు. కెటిల్ మరిగినా, హీటర్ గుర్రుమన్నా ఆవిడకు వాడి ఊపిరే వినబడేది.

2017 జులైలో, అక్కడి నడి చలికాలంలో, ఒక ఆదివారం ఊరికి ఆ చివర బోటనీ డౌన్స్‌లో భార్గవ్, స్పందనల ఇంట్లో సత్యనారాయణ వ్రతం. కొత్తగా పరిచయమైన దంపతులు, వాళ్లకు బన్నీ సంగతి తెలియదు. భోజనాల వేళ వాళ్ల ఏడు నెలల పాప సిరి, తన నానమ్మ కోటేశ్వరమ్మ ఒళ్లో ఉంది. ఎంత బుద్ధిమంతురాలో, ఇంతమందిలో కిక్కురుమనలేదని అందరూ మెచ్చుకుంటున్నారు. పులిహోర తింటున్న మంగాదేవి చెయ్యి ఆగిపోయింది. శాలువాలోంచి కనబడుతున్న ఆ చిన్న ముక్కుపుటాలు ఊపిరి తీసినప్పుడల్లా విచ్చుకుంటున్నాయి.

పూజ జరిగిన ఇంట్లో అలాంటి మాట ఎత్తడమా? తప్పయితే నలుగురిలో నగుబాటు. ఆవిడకు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది. అయినా వెళ్లి పాప ముందు కూర్చుంది.

"పాలు తాగిందా పిన్నిగారూ?"

"పొద్దుటి నుంచీ సరిగ్గా తాగట్లేదు. రొంప కదా, మగతగా ఉంది," అంది కోటేశ్వరమ్మ.

"ఒక్కసారి స్వెట్టర్ విప్పుతానండీ."

"అయ్యయ్యో, చలిగాలి కొడుతుంది! నీకేమైనా పిచ్చా అమ్మాయ్?"

మంగాదేవి విప్పేసింది. చొక్కా ఎత్తింది. ఊపిరి తీసిన ప్రతిసారీ పక్కటెముకల కింద చర్మం గుంటపడుతోంది. గడియారం చూస్తూ లెక్కపెట్టింది. నిమిషానికి అరవై ఎనిమిది, యాభై దాటకూడనిది.

"స్పందనా, అంబులెన్స్‌ని పిలువమ్మా. వన్ వన్ వన్ కొట్టు. ఇప్పుడే!"

హాస్పిటల్లో సిరిని మూడు రోజులు ఆక్సిజన్ మీద ఉంచారు. నాలుగో రోజు మంగాదేవి వార్డుకు వెళ్లేసరికి సిరి కాళ్లాడిస్తూ నవ్వుతోంది. స్పందన ఏడుస్తూనే పాపను తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టింది.

"నెక్స్ట్ మంత్ నేను జాబ్‌లో జాయిన్ అవ్వాలి ఆంటీ. డేకేర్ వద్దు, సిరిని మీరే చూసుకోండి. అసలు మీకెలా తెలిసింది ఆంటీ?"

ఆ ప్రశ్న ఎవరూ అడగకూడదని మూడేళ్లుగా ఆవిడ మొక్కని దేవుడు లేడు. నోరు మూసుకుంటే ఈ పిల్ల రోజూ తన ఒళ్లో ఉంటుంది. ఆవిడ పాప పొట్ట మీద చెయ్యి వేసింది.

"నా దగ్గర ఒక పిల్లాడు పోయాడమ్మా," అంది. "అప్పుడు నేను చొక్కా ఎత్తి చూడలేదు."

 స్పందన ముఖంలో కోపం లేదు. చేతులు మాత్రం వాటంతటవే ముందుకొచ్చి సిరిని తీసేసుకున్నాయి. తానైనా అదే చేసేదని మంగాదేవికి తెలుసు. తెలిసినా, ఒళ్లు ఖాళీ అయ్యేసరికి ఆవిడకు ఏడుపు ఆగలేదు.