గుట్ట మీది పిల్ల కొలత దారం

ఆరో తరగతిలో ఉన్నప్పుడు నాకొక శత్రువు ఉండేది. ఫొటోలో తప్ప ఆమెను నేనెప్పుడూ చూడలేదు. ఆదిలాబాద్ వైపు ఎక్కడో, బస్సు ఆగినచోటు నుంచి ఒక పూట నడిస్తే గానీ రాని గుట్టల మీది గూడెంలో ఆమె ఉండేది. నేను పట్నం శివారు జవహర్‌నగర్‌లో ఉండేదాన్ని. మధ్యలో మా అమ్మ.

మా చర్చి ఆడవాళ్లు ఆ గుట్టల మీది బడి పిల్లలకు ఏటా నోటుపుస్తకాలు, పలకలు, యూనిఫారాలు పంపేవాళ్లు. ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో పిల్లను తమ పిల్లగా చూసుకోవాలని పాస్టరమ్మ పంచిపెట్టింది. ఉత్తరాలు రాయాలి, ప్రార్థనలో తలుచుకోవాలి. మా వంతుకు నా ఈడుదే, తల్లి లేని పిల్ల వచ్చింది. మొదటి ఉత్తరంలోనే మా అమ్మను "అమ్మా" అని పిలిచింది. నాకు ఒళ్లు మండిపోయింది.

అమ్మ మిషన్ కుట్టేది. యాప్రాల్ మిలటరీ క్వార్టర్ల ఆడవాళ్లు కూడా ఆమె చేతి జాకెట్టే కావాలని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. అందుకే యూనిఫారాలన్నీ ఆమె మీదే పడ్డాయి. ఎండాకాలం సెలవులు వస్తే మా ఇంట్లో ఎక్కడ చూసినా ఆకాశం రంగు గుడ్డే. నేనేమో కింది అంచు రెండుసార్లు మడత విప్పిన పాత స్కర్టుతో బడికి పోవాలి. విప్పినచోట రెండు గీతలు కొట్టొచ్చినట్టు కనిపించేవి. కొత్తది కుట్టమంటే, "ఇంకో ఏడాది వస్తది తియ్," అనేది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నది మా ఇంటిని చూసే పుట్టి ఉంటుంది.

పిల్లల కొలతలు దారాల్లో వచ్చేవి. అక్కడి బడిలో ఉన్నది మగ సారు. ఆడపిల్లల కొలతలు గూడెం అవ్వలే తీయాలి, వాళ్లకేమో టేపు మీది అంకెలు తెలియవు. అందుకని పిల్లకొక దారం. ఒక కొస నుంచి మొదటి ముడి దాకా భుజాల వెడల్పు, అదే కొస నుంచి రెండో ముడి దాకా ఛాతీ చుట్టు, దారం మొత్తం గౌను పొడవు. చివర పేరు రాసిన చీటీ. అమ్మ దారాన్ని గుడ్డ మీద పరిచి సుద్దతో గీసుకునేది. "మనిషి మాట తప్పుతడేమో గని కొలత తప్పది," అనేది.

అందరి దారాలూ ఒక డబ్బాలో ఉండేవి. ఆ పిల్ల దారం మాత్రం బైబిల్లో, ఆమె ఫొటో పక్కన ఉండేది. పోయినేటిది కూడా పారేయకుండా అందులోనే దాచింది. నా ఫొటో ఆ బైబిల్లో లేదు. నేను ఎదురుగానే ఉన్నాను కదా అంటారేమో. ఉండి ఏం లాభం?

ఒక మధ్యాహ్నం నీళ్ల ట్యాంకర్ వచ్చిందని అమ్మ బిందెలు పట్టుకుని పరుగెత్తింది. గాలి ఇటు తిరిగి చెత్తకుప్పల వాసన ఇంట్లోకి కొడుతోంది. నేను కిటికీ మూసి, బైబిల్ తెరిచి, ఈ ఏటి దారం తీసి, ముడుల జోలికి పోకుండా చీటీ ఉన్న వైపు బెత్తెడు కత్తిరించాను. చీటీని మళ్లీ కొత్త కొసకు కట్టాను. గౌను పొట్టిదవ్వాలి, ఆ పిల్ల నలుగురిలో నవ్వులపాలవ్వాలి, మా అమ్మ మీద అలిగి ఉత్తరాలు మానేయాలి. అమ్మ నాకు పూర్తిగా తిరిగి రావాలి. నాక్కావలసింది అదొక్కటే.

గౌన్లు వెళ్లాయి. బడులు తెరిచిన నెలకు ఉత్తరం వచ్చింది. ఆదివారం చర్చిలో పాస్టరమ్మ దాన్ని అందరి ముందు చదివింది.

"అమ్మా, గౌను నాకు పొట్టిగా ఉంది. మా చెల్లికి సరిపోయింది. బట్టలు లేవని బాపు దాన్ని బడికి పంపలేదు. ఇప్పుడు ఇద్దరం కలిసి పోతున్నాం. నేను పోయినేటి గౌను వేసుకుంటున్నాను. నాకు చెల్లి ఉందని నీకెట్లా తెలిసింది?"

పాస్టరమ్మ కళ్లు తుడుచుకుంది. "అడగకముందే ఇచ్చింది మన అక్క! ఇది దేవుని పని గాకపోతే ఏంది?" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చాప మీద తల దించుకుని కూర్చున్నాను. ఒక్కదాన్ని వదిలించుకుందామంటే ఇద్దరయ్యారు. రేపు ఆ చెల్లి కూడా "అమ్మా" అని మొదలుపెడుతుంది.

అమ్మ మాత్రం నవ్వలేదు. ఇంటికి రాగానే బైబిల్ తెరిచి, రెండేళ్ల దారాలూ నేల మీద పక్కపక్కన పరిచింది. కొత్తది పాతదానికన్నా పొట్టిగా ఉంది.

"పిల్లలు పెరుగుతరు గని తరుగుతరా?" అంది నా మొహంలోకి చూస్తూ.

నేను కాలి బొటనవేలితో ఆ కోసిన కొసను కప్పేశాను.

"ఎందుకు జేసినవ్ బిడ్డా?"

"నువ్వు ఆమెకే అమ్మవైనవ్. నాకు గావు," అని ఏడ్చేశాను.

కొట్టినా బాగుండేది. అమ్మ నా ముందు కాగితం, పెన్ను పెట్టింది. "నాకు ఆ చెల్లె సంగతే తెల్వదు. పాస్టరమ్మకు నేను జెప్పుకుంట. ఆ పిల్లకు నువ్వు జెప్పు. రాయి."

రాశాను. "దారం కోసింది నేను. నువ్వంటే నాకు పడదు. మా అమ్మను అమ్మా అని పిలవద్దు." క్షమించమని రాయలేదు. అమ్మ చదవకుండానే మడిచి పెట్టుకుంది. తర్వాత ఆ పిల్లకు ఇంకో గౌను కుట్టింది. నేను కోసిన బెత్తెడు కలిపి చూస్తే ఇద్దరం ఇంచుమించు ఒకే ఎత్తు. అందుకని నన్ను నిలబెట్టి, నా ఒంటికే సరిచూసింది. కొత్త గుడ్డ వాసన ముక్కుకు తగిలి, ఒక్క క్షణం అది నాదే అనుకున్నాను. "ఇగ ఇప్పు," అంది అమ్మ.

రెండు నెలలకు నా పేరు మీద ఉత్తరం వచ్చింది. నా పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం అదే.

"నువ్వు కోసినందుకు నాకు కోపం లేదు. మా చెల్లి బడికి వస్తోంది. కానీ నువ్వంటే నాకు కూడా పడదు. మీ అమ్మ ఉత్తరాల నిండా నువ్వే. నీకు లెక్కలు బాగా వస్తాయట. వంకాయ కూర వండితే అలుగుతావట. నీకు జ్వరం వస్తే ఆమె అన్నం తినలేదట. నన్ను మాత్రం బాగున్నావా, బడికి పోతున్నావా అని రెండు ముక్కలు అడుగుతుంది. చదివినప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది. అమ్మా అని పిలిస్తే నా గురించి కూడా కొంచెం ఎక్కువ రాస్తుందేమోనని అట్లా పిలుస్తున్నాను."

గడప మీద కూర్చుని నాలుగుసార్లు చదివాను. సిగ్గుపడాల్సింది. కొంచెం పడ్డాను కూడా. కానీ అబద్ధమెందుకు, సిగ్గు కన్నా సంతోషమే ఎక్కువైంది. నన్ను చూసి కుళ్లుకునే మనిషి కూడా ఈ లోకంలో ఒకతి ఉంది.

అమ్మ వచ్చి, "ఏం రాసింది బిడ్డా?" అని అడిగింది.

"గౌను సరిపోయిందంట," అన్నాను.

ఉత్తరం ఆమెకు ఇవ్వలేదు. ఇస్తే ఆ చివరి మాట చదివి, ఆ రోజే కూర్చుని ఆ పిల్లకు కాగితం నిండా రాసేది.