సాక్ష్యం మధ్యలో లేచిన అమ్మ

మా అన్నయ్యను ఫిషింగ్ హార్బర్‌లో కొట్టి చంపారు. కొట్టింది ఒక్కడే. తొంభైల మొదట్లో ఒక తెల్లవారుజామున, చేపల వేలం దగ్గర మాటా మాటా పెరిగి, అతను ఐసు పగలగొట్టే ఇనుపకడ్డీతో అన్నయ్య తల మీద మోదాడు. రెండో దెబ్బ కింద పడ్డాక కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. మూడడుగుల దూరంలో ఉండి కూడా అతని చెయ్యి పట్టుకోలేకపోయాను.

అతను జైలుకు వెళ్లాడు. మేం మల్కాపురంలోని రేకుల షెడ్డు చర్చికి ఎప్పటిలాగే వెళ్లేవాళ్లం. అమ్మ మాత్రం పాటలు పాడడం మానేసింది.

కొన్నేళ్లకు విడుదలై, ఒక ఆదివారం అతనూ ఆరాధనకు వచ్చాడు. మేం అక్కడున్నామని అతనికి తెలియదు. కొత్తగా వచ్చిన పాస్టరుగారికి మా సంగతే తెలియదు. జైల్లో మారినవాడని, దేవుడు తనను ఎలా మార్చాడో అందరి ముందూ సాక్ష్యం చెప్పమన్నారు.

"నాను మనిసిని సంపినాను. ఏసయ్య తన రగతంతో నా పాపమంతా కడిగీసినాడు" అన్నాడతను. అందరూ హల్లెలూయ అన్నారు.

అమ్మ లేచి బయటికి నడిచింది. ఏడుపు ఆపుకోలేక వెళ్లిపోతోందనుకున్నాను. గుమ్మం దగ్గర విడిచిన చెప్పు తీసుకుని తిరిగి వచ్చింది. అతని మొహం మీద కొట్టింది. పెదవి చిట్లింది. మళ్లీ కొట్టింది.

"కడిగీసినాడా? నన్నడిగినాడేటి? దేవుడి కొడుకు మూడోనాడు లేసినాడు. నా కొడుకు లేసినాడేట్రా?"

అతను చేతులు అడ్డం పెట్టుకోలేదు. మోకాళ్ల మీద పడ్డాడు. నేను పరుగెత్తాను, అమ్మను ఆపడానికి కాదు. అతని డొక్కలో తన్నాను. ఎన్నిసార్లో తెలియదు. అంత హాయి అంతకుముందు ఏ ప్రార్థనలోనూ నాకు కలగలేదు. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నలుగురు పట్టి లాగితే ఆగాను.

ఆ రోజు, నెలకోసారి సంఘమంతా కలిసి పాలుపొందే ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షారసం తెల్లగుడ్డ కింద సిద్ధంగా ఉన్నాయి. పాస్టరుగారు వాటిని తీసి లోపల పెట్టేశారు.

"ఇయ్యాల బల్ల లేదు. తప్పు నాది. ముందు ఈ తల్లి దగ్గరికి పంపాల్సినోడిని తిన్నగా తెచ్చి దేవుడి ముందు నిలబెట్టీసినాను."

అప్పటిదాకా విమోచన అంటే దేవుడికీ పాపికీ మధ్య తేలిపోయే సంగతేననుకున్నాను. చచ్చినవాడి తల్లి కూడా ఆ మధ్యలో ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

మర్నాడు అతను వాచిన మొహంతో మా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"అమ్మా, సమించమని అడగడానికి రానేదు. పడిపోయాక కూడా కొట్టినాను. అది నీ ముందు ఒప్పుకోవాలని వచ్చినాను."

అమ్మ తలుపు వేసేసింది. ఆ తర్వాత నెలల తరబడి, ప్రతి ఆదివారమూ అతను లోపలికి రాకుండా చర్చి బయట ఎండలోనే కూర్చున్నాడు.

ఒక వారం ప్రార్థన మధ్యలో అమ్మ నా చెయ్యి తట్టింది. "ఆడ్ని లోపలికి రమ్మను."

"సమించీసినావేటమ్మా?"

"నేదు. సూస్తే ఇప్పటికీ సంపీయాలనుంటాది. అదే దేవుడితో సెప్తన్నాను. ఆడ్ని ఎండలో కూకోబెట్టి ఏ మొగంతో సెప్పను?"

వెళ్లాను. పేరు పెట్టి పిలవడానికి నోరు రాక "రా" అన్నాను. అతను వచ్చి చివరి చాప మీద కూర్చున్నాడు. ఆ నెల మేం ముగ్గురం బల్లలో పాలుపొందాం. అమ్మ నోట్లో రొట్టె ఉండగానే వెక్కి వెక్కి ఏడ్చింది. నాకది గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది.